డ్రమ్ముకు పెట్టిన బొట్టు

"నా మీద కోపముంటే నన్ను తిట్టు సమ్మమ్మా. బువ్వ ఏం పాపం జేసింది?"

సరస్వతి విస్తరిని ఇంకో జానెడు ముందుకు జరిపింది. నిన్న పొద్దున పెట్టిన విస్తరి పెట్టినట్టే ఉండిపోయి, చివరికి బర్రె కుడితిలో కలిసింది. నిన్న మాపటి రొట్టెలదీ అదే గతి. ఇవాళ శుక్రవారం. ఇంటి ముందర అరుగు మీద ఒక మనిషి రెండో రోజు పస్తు కూర్చుంటే ఏ ఇల్లాలికైనా దీపం ముట్టించబుద్ధవుతుందా?

సమ్మమ్మ విస్తరి వైపు చూసింది. చూసి కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. కొంగు కింద కుడిచెయ్యి మోచేతి దాకే ఉంది. అక్కడి నుంచి కట్టు. దవాఖాన నుంచి వచ్చి పదకొండు రోజులైనా ఆ కట్టు ఎన్నడూ తెల్లగా లేదు.

"కోపం కాదమ్మా" అంది చివరికి. "ఎట్ల తినాలె? నలుగురు సూస్తాంటె ఎడమచేత్తోని తినుమంటవా?"

 రెండు రోజులుగా సరస్వతి ఇది అలక అనుకుంది, పంతం అనుకుంది. ఆమె మొగుడు పాండురంగమైతే "దీక్ష వట్టిందా ఏంది" అని ఎగతాళి కూడా చేశాడు. ఇంటెడు మందిలో ఒక్కరికీ ఇంత చిన్న సంగతి తట్టలేదు.

"మరి ఇంటికాడ?"

"ఇంటికాడ మా మరదలు కలిపి పెడ్తది. ఈడ పని జేసే తమ్ముడు పెడ్తనన్నడు గని, మొగపిలగానితోని పెట్టిచ్చుకొని తినాల్నంటే సిగ్గైతాంది."

సరస్వతి చెంబు తెచ్చుకుంది. చేతులు కడుక్కొని, సమ్మమ్మకు ఎదురుగా మఠం వేసుకొని కూర్చుంది. పప్పు, అన్నం కలిపి ముద్ద చేసి నోటికి అందించింది. సమ్మమ్మ ఒకసారి వీధి వైపు చూసింది. ఎదురింటి కిటికీలో ఒక తల, పక్కింటి గోడ మీద రెండు తలలు అప్పటికే మొలిచాయి. సేటు భార్య కూలిమనిషికి ముద్దలు పెడుతోందన్న కబురు ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి బస్తాల కంటే ముందే చేరుతుంది. చేరనీ అనుకుంది సరస్వతి. అలా అనుకున్నందుకు ఆమెకు తన మీద తనకే కొంచెం గౌరవం కలిగింది.

సమ్మమ్మ నోరు తెరిచింది. నాలుగు ముద్దలు మింగాక కళ్లు తుడుచుకుంది.

"ఇగ చెప్పు" అంది సరస్వతి. "ఏం గావాల్నని కూసున్నవు? సేటును అడిగితె మాట్లాడడు. మీ తమ్ముణ్ని అడిగితె నేల సూస్తడు."

"ఏం అద్దమ్మా. పైసలు అడుగతందుకు రాలే. ఇయ్యాల ఎంక్వైరీకి ఆఫీసరు అస్తడట గద. సేటును ఒక్క మాట చెప్పుమను. మిషన్ మూతిరేకు చేత్తోని తిప్పితె ఊడి వస్తది, అందరు తీస్తరు, అని. గంతే."

మూతిరేకు అంటే జొన్న నూర్చే మిషన్ నోటికి గజం పొడుగున బిగించే రేకు. కంకులు ఈ చివర పెడితే ఆ చివరన గిర్రున తిరిగే డ్రమ్ము లాక్కుంటుంది. రేకు ఉన్నంతసేపు మనిషి చెయ్యి డ్రమ్ము పండ్ల దాకా పోదు. ఆ మిషన్లు చేసి అమ్మేది పాండురంగం. బిగించేది అతని దగ్గర పన్నెండేళ్లుగా ఫిట్టరు పని చేస్తున్న మొగిలి. చెయ్యి పోయింది మొగిలి సొంత అక్క సమ్మమ్మది.

"వర్ధన్నపేట సుట్టుపక్కల ఊర్లన్నిట్ల, మిషన్ కొన్న కట్టయ్య పటేలు ఏమని చెప్పుకుంట తిరుగుతాండో ఎరికేనా?" అంది సమ్మమ్మ. "సమ్మమ్మనే రేకు పీకేసింది, జల్ది పని ఒడగొట్టుకొని ఇంటికి పోదామని, అంటాండు. నేను పీకుడేందమ్మా! మిషన్ ఊర్లెకు అచ్చిన నాడే రేకు ఊడదీసి లేగదూడలకు నీళ్ల తొట్టి జేసుకున్నడు. నేను రెండు పంటల సంది ఆ మిషన్ల కంకులు పెడ్తాన్న. రేకు మొఖమే సూడలే."

"అయ్యో."

"చెయ్యి ఎట్లాగు వోయింది. ఒంటిచేత్తోనైన కలుపు తీస్త, మిరపకాయ ఏరుత. కని మిషన్ ఆగం జేసిన మనిషి, పటేలు మీదికి కేసు తెచ్చిన మనిషి అని పేరు వడ్డంక నన్నెవలు పనికి పిలుస్తరు? చెయ్యి వోయింది, పేరు గూడ పోవాల్నా?"

ఎడమచేత్తో తడబడుతూ కొంగు ముడి విప్పింది. అందులో ఇనుప నట్టు ఒకటి. రెండు పక్కలా చెవుల్లాంటి రెక్కలుండి, పానాతో పని లేకుండా వేళ్లతోనే తిప్పే నట్టు.

"పటేలు పశువుల కొట్టంల దొరికింది. దూడల తొట్టి కాడ."

సరస్వతి ఆ నట్టును చేతిలోకి తీసుకోలేదు. తీసుకోకుండానే దాని బరువు ఆమెకు తెలుసు. ప్రతి శుక్రవారం మిషనుకు నాలుగేసి అలాంటివి తిప్పిన వేళ్లు ఆమెవి.

అప్పుడే ఇంటి వెనక షెడ్డులోంచి చుర్రుమని చప్పుడు వచ్చింది. గోడ మీద నీలంగా వెలుగు తళుక్కుమంది.

"పొద్దుపొద్దుగాల మా తమ్ముడు ఏం అతుకుతాండమ్మా?" అని అడిగింది సమ్మమ్మ.

సరస్వతికి తెలియదు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి వెనక్కి పోయింది.

*

షెడ్డులో నాలుగు మిషన్లు వరసగా నిలబడి ఉన్నాయి. మూడింటికి మూతిరేకులు మిషనుకే అతికిపోయాయి. నట్ల జాడ లేదు. నాలుగో దాని దగ్గర మొగిలి నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకొని వంగి ఉన్నాడు. పాండురంగం కాలిన ఆయిల్లో ఇంత మట్టి కలిపి, గుడ్డతో కొత్త అతుకుల మీద రుద్దుతున్నాడు, అవి పాతవిగా కనిపించాలని. పెళ్లినాడు కూడా ఆయన ఇంత ఒళ్లొంచి పని చేసింది సరస్వతి చూడలేదు. స్టూలు మీద వకీలు వెంకట్రాజం పాన్ నములుతూ కూర్చున్నాడు.

"ఏం జేస్తాన్రు?" అంది సరస్వతి.

"కండ్లు కనవడ్తలేవా? ఇంట్లకు పో."

"అతుకులెందుకు పెడ్తాన్రు అంటాన్న."

పాండురంగం గుడ్డతో రుద్దుతూనే ఉన్నాడు. వకీలే గొంతు సవరించుకున్నాడు.

"ఢిల్లీల కొత్త కానూన్ అచ్చింది చెల్లెమ్మా. గిసుంటి మిషన్ తయారు జేసినోడు, చెయ్యి లోపల పడకుంట అడ్డం పెట్టాలె. పెట్టినంక వాడుకునేటోడు విరగ్గొట్టుకుంటె, అది వాని కర్మ అని మనం కొట్లాడొచ్చు. కని పెట్టినట్టె పెట్టి, చేత్తోటి ఊడెటట్టు పెట్టిండనుకో... అప్పుడు ఊడదీసినోనికెంత తప్పో, ఊడెటట్టు జేసినోనికి గంత తప్పు. జేలు గూడ ఉంటది."

"మనయి చేత్తోటి ఊడేటియే గద."

గుడ్డ ఆగింది. మొగిలి చేతిలో రాడ్డు కూడా ఆగింది.

"ఉండె" అన్నాడు పాండురంగం. "నిన్నటి దాక ఉండె. ఇయ్యాల లేవు."

"చెయ్యి పోయింది మొగిలి అక్కది. ఆ పాపం మీద మసి పూసేది మొగిలితోనేనా?"

"మొగిలీ, పో. నాలుగు చాయ్ చెప్పి రా" అన్నాడు పాండురంగం.

మొగిలి అద్దం దించి కింద పెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అది వెల్డింగు మంటకో మరి దేనికో చెప్పడం కష్టం. సరస్వతి పక్క నుంచి తలొంచుకొని పోయాడు.

అతను గడప దాటేదాకా ఆగి పాండురంగం గుడ్డ విసిరికొట్టాడు.

"పనోని ముంగట, వకీల్ సాబ్ ముంగట నన్ను నిలదీస్తానవ్. నేనొకటి అడుగుత చెప్పు. మొదటి మిషనుకు రేకు ఎట్లుండె?"

సరస్వతి చూపు మిషను మూతి మీదికి పోయింది.

"రివిట్లు కొట్టి ఉండె. సుత్తె వెట్టి కొట్టినా ఊడకుండె. రివిట్లు తీసేసి నట్లు పెట్టుమన్నదెవరు?"

ఆమెకు గుర్తుంది. గుర్తు లేకేం? మొదటి మిషను కొన్న రైతు పొలంలో, మొదటి రోజే బెల్టు తెగి ఎద్దు కాలు విరిగింది. "ముఖానికి పెట్టాల్సిన బొట్టు ముసుగుకు పెడ్తె గిట్ల గాక ఎట్లయితది?" అని అత్తగారు సణిగింది. నిజమే, అప్పుడు సరస్వతి పసుపూ కుంకుమా పైరేకుకే పెట్టింది. లోపలి డ్రమ్ముకు చెయ్యి అందక. ఆ తర్వాత నెల రోజులు మొగుడి ప్రాణం తీసింది. డ్రమ్ముకు బొట్టు లేకుండా ఏ మిషనూ గేటు దాటడానికి వీల్లేదంది. రెండు శుక్రవారాలు అన్నం మానేసింది. మూడో శుక్రవారానికి పాండురంగం చెవుల నట్లు నాలుగు తెచ్చి, "ఇగో, ఇప్పుకో, పెట్టుకో, మల్ల బిగిచ్చు, పీడ వదుల్తది" అన్నాడు. అప్పటి నుంచి షెడ్డులో ఎన్ని మిషన్లుంటే అన్నింటికీ, వారం వారం ఆమే రేకు విప్పి బొట్టు పెట్టి బిగిస్తోంది.

"నేను అడిగింది బొట్టు కోసం" అంది. గొంతు ఆమెకే వినిపించనంత చిన్నగా వచ్చింది. తర్వాత పెరిగింది. "అమ్మేటప్పుడు రైతులకు మీరు ఏం చెప్పిన్రు? రేకు తీస్తె గంటకు రెండింతల కంకి దిగుతదని చెప్పలేదా? వంటింట్ల ఉన్నదానికి ఇనరాదనుకున్నరా?"

"అడిగినోనికి చెప్పిన. అడగనోనికి చెప్పలే."

"అడగనోడు ఎవడన్న ఉన్నడా?"

పాండురంగం బోర్లించిన డబ్బా మీద కూలబడ్డాడు. మసి చేతుల వైపు చూసుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోవడమే ఇక్కడ ఎవరికీ పనికి రాలేదు.

"తెలుసు సరస్వతీ" అన్నాడు. "తీస్తరని తెలుసు. తీసినంక ఎన్నడో ఒకనాడు ఎవలదో ఒకలది చెయ్యి వోతదని గూడ తెలుసు. పండుకుంటె అదే మతికొస్తుండె. కని అది మన మొగిలి అక్కది అయితదనుకోలే."

"వేరేటోళ్లదయితె?"



"తెలుసు అన్న మాట మల్ల అనకు పాండురంగం" అన్నాడు వెంకట్రాజం, పాన్ ఉమ్మేసి వచ్చి. "గోడలకు చెవులుంటయి. చెల్లెమ్మా, నిన్నెవలు ఏమడుగరు. ఆడోళ్లను ఎంక్వైరీల ఎందుకు అడుగుతరు? ఆఫీసరుకు మంచిగ చాయ్ ఇయ్యి, లోపలికి పో. గీ ఇల్లు, గీ షెడ్డు, ఎనమండుగురు పనోళ్లు, అందరి బతుకు ఒక్క అతుకు మీద ఉన్నది. సమజైందా?"

సమజైంది. అంతకంటే ఎక్కువే సమజైంది. రివిట్లు ఉన్నన్నాళ్లు సమ్మమ్మ చెయ్యి సమ్మమ్మకే ఉండేది.  సరస్వతి లోపలికి పోయి చెయ్యి కడుక్కుంది. అన్నం మెతుకులు అప్పటికే ఎండి, గోళ్ల సందున గట్టిపడ్డాయి.

వంటింటి కిటికీ నుంచి అరుగు కనిపిస్తుంది. మొగిలి చాయ్ చెప్పి వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ మెల్లగా ఏదో మాట్లాడుకుంటున్నారు. మొగిలి కాదు కాదని తల అడ్డంగా ఊపుతున్నాడు. సమ్మమ్మ ఎడమచేత్తో అతని వీపు నిమిరి, ఇంటి లోపలికి వేలు చూపించి మళ్లీ ఏదో అంది.  చివరికి అతను ఒకే ఒక్కసారి తల నిలువుగా ఊపాడు.

ఏమనుకున్నారో సరస్వతికి వినపడలేదు.

*

ఆఫీసరు పన్నెండింటికి జీపులో వచ్చాడు. ఎవరి మీదా కోపం లేని, ఎండకు అలిసిపోయిన మనిషి. గుంటూరు వైపు మాట. షెడ్డులో అందరూ నిలబడితే తను కూడా నిలబడే రాసుకున్నాడు. సమ్మమ్మ గుమ్మం దగ్గర ఆగింది. సరస్వతి చాయ్ గ్లాసుల పళ్లెంతో తలుపు చాటున ఉంది.

"ఈ రేకు మొదటి నుంచీ వెల్డింగేనా?" అని అడిగాడు ఆఫీసరు, రేకును పట్టుకొని గట్టిగా ఊపి.

"మొదటి సంది వెల్డింగే సార్" అన్నాడు పాండురంగం.

"కట్టయ్య మిషన్ చూసే వస్తున్నాను. దానికి నాలుగు రంధ్రాలున్నాయి."

"పీకి మల్ల పెట్టుకుందామని ఊర్లె ఎవనితోనో బెజ్జాలు పెట్టిచ్చుకున్నరు సార్" అని వకీలు అందుకున్నాడు. "జనం సంగతి మీకు తెల్వదా? మనం అడ్డం పెడ్తం, వాళ్లు పీకుతరు."

సమ్మమ్మ ముందుకొచ్చి అరచేతిలో నట్టు చూపించింది. "ఇగో సారూ. ఆ మిషన్దే."

"గిసుంటియి ఏ సైకిల్ దుకాణంలనైన దొరుకుతయి" అన్నాడు వకీలు. ఆఫీసరు నట్టును అటూ ఇటూ తిప్పి చూసి ఆమెకే ఇచ్చేశాడు. నట్టు మీద ఎవరి పేరూ రాసి లేదు.

అప్పుడు మొగిలి నోరు విప్పాడు.

"సార్. గీ అతుకులు నిన్న మాపు రెండు మిషన్లకు, ఇయ్యాల పొద్దుగాల రెండిటికి పెట్టిన. నేనే పెట్టిన. అంతకు ముందు అన్నిటికి గా చెవుల నట్లే. కట్టయ్య పటేలు మిషనుకు గూడ నేనే బిగిచ్చిన."

 పాండురంగం ముఖం కడిగిన పలకలా అయింది. వెంకట్రాజం మాత్రం రెప్ప వేసే లోపల దారి వెతుక్కున్నాడు.

"విన్నరు గద సార్! నట్లు పెట్టింది నేనే అంటాండు. మా క్లయింటు రివిట్లే కొట్టుమన్నడు. రివిటు కొట్టాల్నంటె ఒళ్లు వంగాలె, గందుకని ఈడు నట్లు పెట్టి పంపిండు. అక్క చెయ్యి పోయినంకనే సేటుకు ఎరికైంది. గప్పుడు తనే నిలవడి వెల్డింగు పెట్టిచ్చిండు."

"ఇప్పుడే మొదటి నుంచీ వెల్డింగే అన్నారు కదండీ?"

"గాబరాల అన్నడు సార్. పోలీసు, కోర్టు ఎరుగని మనిషి."

ఆఫీసరు పాండురంగం వైపు చూశాడు. పాండురంగం మొగిలి వైపు చూడకుండా తల ఊపాడు. పన్నెండేళ్లు ఒక్క కంచంలో కాకపోయినా ఒక్క షెడ్డులో తిన్న మనుషులు. ఆ తల ఊపడానికి ఆయనకు ఎంత కష్టమైందో గాని, ఊపాడు.

"సేటే తెచ్చి ఇచ్చిండు సార్ నట్లు" అన్నాడు మొగిలి. "నాకెందుకు సార్ అబద్ధం? ఈ ఇంట్ల అందరికెరికే. కావాల్నంటె అమ్మను అడుగుండ్రి. శుక్రవారం శుక్రవారం ఆమెనే గా నట్లు ఇప్పి, లోపల డ్రమ్ముకు బొట్టు వెడ్తది."

ఆఫీసరు టార్చి తీసి మిషను నోట్లోకి వెలుగు వేశాడు. లోపల డ్రమ్ము నడిమధ్యన, ఇనుప పండ్ల నడుమ పసుపు, దాని మీద రూపాయంత కుంకుమ.

"అమ్మా, ఒకసారి ఇలా రండి."

సరస్వతి పళ్లెం పక్కన పెట్టి వచ్చింది. తలంటుకున్న జుట్టు ముడి, నుదుటి మీద బొట్టు, చేతినిండా గాజులు. ఇంతమంది మగవాళ్ల మధ్య ఆమె ఎన్నడూ నిలబడలేదు.

"ఆ బొట్టు మీరే పెట్టారా?"

"ఆఁ."

"ఎప్పుడు పెడతారు? రేకు బిగించక ముందా? బిగించాక మీరే విప్పి పెడతారా? తొందర లేదు, ఆలోచించుకొని చెప్పండి. మీరు విప్పితే, నట్ల సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసన్నట్టు. ముందే పెడితే, ఫిట్టరు ఒక్కడికే తెలుసన్నట్టు."

అంత విడమరిచి అడిగాడు మహానుభావుడు. అర్థం కాలేదని తప్పించుకోవడానికి కూడా వీలు లేకుండా అడిగాడు.

సరస్వతి మొగుడి వైపు చూసింది. ఆయన ఆమెను చూడడం లేదు. మసి అంటిన చేతులు వెనక దాచుకొని, బడిలో దెబ్బలకు నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు. జేలు అన్న మాట గుర్తొచ్చింది. గుమ్మం దగ్గర సమ్మమ్మ ఆమె వైపే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు, భయం లేదు. జవాబు తెలిసిపోయినట్టు నిమ్మళంగా ఉంది.

"బిగియ్యక ముందే" అంది సరస్వతి.

"ప్రతి శుక్రవారం కాదా?"

"కాదు సార్. ఒక్కసారే పెడ్త. నట్లు గిట్లు నాకు తెల్వది."

అబద్ధం ఇంత తేలిగ్గా నోట్లోంచి జారుతుందని నలభై ఏళ్లకు ఆమెకు తెలిసింది. ఎవరూ పట్టుకోలేదు. అమ్మవారి బొట్టు పెట్టుకున్న ముఖాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఆఫీసరు ఒక్క క్షణం ఆమె వేళ్ల వైపు చూశాడు. ఏమనుకున్నాడో, ఇంక అడగలేదు. పది నిమిషాలు రాసి, చదివి వినిపించాడు. యజమానికి తెలియకుండా ఫిట్టరు మొగిలి ఊడిపోయే నట్లు బిగించినట్టు, ఆ సంగతి తన నోటితోనే ఒప్పుకున్నట్టు, రేకు ఎవరు తీశారో తేలనట్టు, ప్రమాదం తర్వాత యజమాని లోపం సరిచేసినట్టు. చెయ్యి పోయిన మనిషి ఏం చెప్పిందో కూడా చివర ఒక వాక్యం ఉంది.

"సంతకం పెట్టు" అన్నాడు వకీలు.

"నేను గట్ల చెప్పలే" అన్నాడు మొగిలి.

"నట్లు నేనే పెట్టిన అన్నవా లేదా?"

"అన్న. కని..."

"మరింకేంది?"

మొగిలి సంతకం పెట్టడం వచ్చిన మనిషి. ఆ ఇంటి షెడ్డులోనే, డ్రమ్ముల మీద సుద్దముక్కతో రాస్తూ నేర్చుకున్నాడు. ఒక్కో అక్షరమే నిదానంగా రాశాడు. రాసి, నల్లద్దం తీసుకెళ్లి గోడ మేకుకు తగిలించాడు. దాని పక్కనే చేతి తొడుగులు కూడా పెట్టాడు. ఇక పనికి రావద్దని ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది.

*

ఆఫీసరు జీపెక్కాడు. మొగిలి వీధిలోకి వెళ్లిపోయాడు. పాండురంగమూ వకీలూ షెడ్డులోనే ఉన్నారు. వకీలు నవ్వు అరుగు దాకా వినిపిస్తోంది.

సమ్మమ్మ చెప్పులు వేసుకుంటోంది. ఎడమచేత్తో పట్టీ ఎక్కడం లేదు. సరస్వతి వంగబోయింది.

"అద్దు" అంది సమ్మమ్మ. తనే ఎలాగో ఎక్కించుకుంది.

"సమ్మమ్మా, నేను..."

"నా తమ్ముడు అద్దన్నడమ్మా. పొద్దుగాల గీ అరుగు మీద కూసోని గదే మాట. అమ్మ పేరు తియ్యద్దక్కా, ఆమె పాపం, ఆమె ఇంటి ఉప్పు తిన్నం అన్నడు. నేనే ఇనలే." సమ్మమ్మ గొంతు పెంచలేదు. "నోట్లె ముద్ద వెట్టిన చెయ్యి, దీపం వెట్టే చెయ్యి, అది అబద్ధం ఆడదిరా, ఆమె పేరే చెప్పు అన్న. నా మాట వట్టుకొని చెప్పిండు."

సమ్మమ్మ రెండో చెప్పులో కాలు పెట్టింది.

"నా చెయ్యి అంటె మిషన్ల వోయింది. వాని బతుకు నా మాటతోని వోయింది. రేపు ఊర్లె ఏమంటరో ఎరికేనా? తమ్ముడు వెట్టిన నట్టే అక్క చెయ్యి తిన్నది అంటరు. మా మరదలు గూడ గదే అంటది. ఇగ నాకెవలు ముద్ద కలుపుతరు?"

కొంగు ముడి విప్పి నట్టు తీసింది. సరస్వతి కుడిచెయ్యి పట్టుకొని అందులో పెట్టి, వేళ్లు తనే మూసింది.

"మీదే ఇది. నేనేం జేసుకుంట?"

మెట్లు దిగి, ఎండలో పడి వెళ్లిపోయింది. ఒక పక్క బరువు లేని మనిషి నడక కొంచెం వంకరగా ఉంది.

వీధి మలుపులో మిర్చి బస్తాల ఎడ్లబండి అడ్డం తిరగడంతో ఆఫీసరు జీపు ఆగి హారన్ కొట్టింది. బండివాడు ఎడ్లను అదిలిస్తున్నాడు, అవి కదలడం లేదు. ఇరవై అడుగులు. పరుగెత్తక్కర్లేదు, నడిచినా అందుతుంది. గుప్పిట్లో నట్టు ఉంది, దాన్ని తిప్పడం వచ్చిన వేళ్లు ఉన్నాయి. సరస్వతి మొదటి మెట్టు దిగింది.

"సరస్వతీ!" లోపల్నుంచి పాండురంగం పిలిచాడు. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. "గ్లాసులు ఎత్తినవా? వకీల్ సాబ్‌కు అన్నం పెట్టు!"

ఆమె అక్కడే నిలబడింది. వెనక్కి తిరిగి, "ఎత్తుతాన్న" అంది.

గ్లాసులు షెడ్డు తలుపు దగ్గర పళ్లెంలో ఉన్నాయి. కుడి గుప్పిట ఎంతకూ తెరుచుకోలేదు. ఎడమచేత్తోనే ఒక్కొక్కటీ ఎత్తసాగింది.

బయట జీపు ఇంకోసారి హారన్ కొట్టింది.